పళ్లక్క చేసిన యుద్ధవిమానం

మా ల్యాబులో ఆమెను అందరూ పళ్లక్క అనేవాళ్లు. డాక్టర్లు మనుషుల నోటి అచ్చులు తీసి పంపితే, వాటిని చూసి కట్టుడు పళ్లు తయారుచేయడం మా పని. పూర్తి సెట్టు కావచ్చు, ఒంటి పన్ను కావచ్చు, అరిగిన పన్ను మీద తొడుగు కావచ్చు. నేను ఆమె పక్క బల్ల మీద పాలిష్ పట్టేదాన్ని. ముందు పళ్లు మాత్రం ఆమె చేతి మీదుగానే వెళ్లాలి. అచ్చును వెలుతురుకు పట్టి చూసి, "ఈయన ఎడమవైపే నములుతాడు. నిద్రలో పళ్లు కొరుకుతాడు. పాపం, పెళ్లాం ఎలా పడుకుంటుందో" అనేది. మేం నవ్వేవాళ్లం. ఆమె కూడా నవ్వేది గానీ, పెదవులు విడిచి కాదు.

ఆమె మామగారు వాయుసేనలో జెట్ విమానాలు నడిపి రిటైరైన మనిషి. వీధి వీధంతా ఆయన్ని కమాండరుగారు అనేది. ఇంట్లోనూ అదే పిలుపు. కన్నకొడుకు కూడా ఆయన ఎదురుగా లేనప్పుడే నాన్న అనేవాడు. భార్య పోయి చాలా కాలమైంది. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికో బయలుదేరేవాడిలా తయారై, హాల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఎక్కడికీ వెళ్లేవాడు కాదు.

కోడలి పనంటే ఆయనకు చిన్నచూపు. భోజనాల బల్ల దగ్గర ఆ మాట ఎత్తకూడదు. ఊరందరి ఎంగిలీ తెచ్చి ఇంట్లో పెడుతుందనేవాడు. ఎవరైనా అడిగితే మాత్రం, "మా కోడలు వైద్యరంగంలో ఉంది" అని సరిపెట్టేవాడు. ఆమెతో నేరుగా మాట్లాడేవాడు కాదు. ఆమె గదిలో ఉండగానే కొడుకు వైపు తిరిగి, "మీ ఆవిడని ఆ ఫ్యాను కట్టెయ్యమను" అనేవాడు. ఫ్యాను స్విచ్చు ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉండేది.

ఆమెను అక్క అన్నాను కాబట్టి ఆమె భర్తను బావగారు అనేదాన్ని. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. చెడ్డవాడని ఎవరూ అనలేరు. ఆయనతో పోట్లాడటమంటే పరుపుతో కుస్తీ పట్టడమే, ఎక్కడ గుద్దినా లోపలికి పోతుంది తప్ప తిరిగి తగలదు. కుర్రతనంలో తండ్రి ఆయన్ని వాయుసేన సెలక్షన్‌కు తీసుకెళ్లాడు. అన్నీ గట్టెక్కాడు, కంటి పరీక్షలో గోడ మీది అక్షరాలు కనిపించలేదు. తండ్రి తిట్టలేదు, కొట్టలేదు. ఇంటికి తీసుకొచ్చేశాడు, అంతే. కానీ ఆ తరవాత పాత మిత్రులెవరు ఎదురుపడ్డా, "మా అబ్బాయి" అని చెయ్యి చూపించి అక్కడితో ఆపేసేవాడు. ఆపైన చెప్పడానికి ఇంకేమీ లేదన్నట్టు.

ఒకరోజు కమాండరుగారికి ఫోన్ వచ్చింది. ఆయన పనిచేసిన ఎయిర్ బేస్‌లో పాత స్క్వాడ్రన్ గుర్తుగా ఒక హాలు కడుతున్నారు. అప్పటి పైలట్లందరినీ ఏదో ఒక వస్తువు ఇమ్మని అడుగుతున్నారు. ఆయన ఫోన్ పెట్టేసి, బీరువా మీదినుంచి ఒక పెద్ద అట్టపెట్టె దింపించాడు. అందులో ఆయన నడిపిన రకం జెట్ ముక్కలు ముక్కలుగా, ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని ఉంది. అసలు విమానంలో ముప్పై రెండో వంతు. పూర్తయితే మూరెడు పొడుగు ఉంటుంది. రిటైరైన కొత్తలో తనే చేసుకుందామని కొన్నాడు. అంతలో చేతులు వణకడం మొదలైంది.

కొడుకును పిలిచి, "ఇది నువ్వు చెయ్యి" అన్నాడు.

తండ్రి తనను ఒక పని అడగడం బావగారి బతుకులో అదే మొదటిసారి. సెలవు పెట్టి మరీ కూర్చున్నాడు. కానీ ఓపిక లేదు, చేతికి ఒడుపూ లేదు. ఆ జిగురు మామూలు జిగురు కాదు, ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది, అంటిన చోటల్లా తినేస్తుంది. బావగారు జిగురు వేలితో కాక్‌పిట్ గాజుమూత పట్టుకున్నాడు. అద్దంలాంటి ప్లాస్టిక్ మీద బొటనవేలి ముద్ర గీతలతో సహా దిగిపోయింది. కమాండరుగారు వచ్చి దాన్ని చూసి, పెట్టె మూత వేసి, తన గదిలోకి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని బావగారు పళ్లక్కతో అన్నాడట. పెట్టె మంచం కిందికి చేరింది.

ఆమె ఆ గాజుమూతను మెత్తటి కాగితంలో చుట్టి ల్యాబుకు తెచ్చింది. ముందు తడి గరుకు కాగితం మీద రుద్దింది. ముద్ర పోయింది, మూత పాలరంగుకు తిరిగింది. ఇక దాని పని అయిపోయిందనుకున్నాను. ఇంకా సన్నటి కాగితం, తరవాత మరింత సన్నటిది, చివరికి మేం పళ్లకు వాడే పాలిష్ ముద్ద. మెషిన్ మీద పెట్టమంటే ఒప్పుకోలేదు. "వేడి తగిలితే వంకరపోతుంది" అని గుడ్డ వేలికి చుట్టుకుని చేత్తోనే రుద్దింది. భోజనాల వేళలన్నీ దానికే పోయాయి. అయ్యాక దాన్ని నా ముఖం ముందు పట్టుకుని, "ఏం కనిపిస్తోంది?" అంది. "నువ్వే" అన్నాను. "అయితే బాగైనట్టే" అంది.

మర్నాడు పొద్దున మామగారి టీ కప్పు పక్కన పెట్టింది. ఆయన తీసి కిటికీ వైపు పట్టుకుని చూశాడు. వేలి కొసలు వణుకుతున్నాయి.

"ఎవరు చేశారు?" అని కొడుకును అడిగాడు.

"తనే" అన్నాడు బావగారు.

అప్పుడు ఆయన తల తిప్పి కోడలిని చూశాడు. "మిగతాది కూడా చెయ్యగలవా?"

"పక్కన కూర్చుని చెప్పేవాళ్లుంటే చేస్తాను."

అలా మొదలైంది. పళ్లక్క కూతురు చదువుకోసం హాస్టల్‌కు వెళ్లాక ఆ పిల్ల గది ఖాళీగా ఉంది. మంచం గోడకు జరిపి, కిటికీ కింద బల్ల వేశారు. సాయంత్రం ల్యాబు నుంచి వెళ్లగానే ఆమె అక్కడ కూర్చునేది. కమాండరుగారు తన కుర్చీ అక్కడికి మోయించుకున్నాడు. మొదట కాక్‌పిట్. గోరంత మీటర్లు, వాటిలో వెంట్రుకంత ముళ్లు. పైలట్ సీటు పట్టీలు సన్నటి సీసం రేకుతో కత్తిరించింది. ఆ రేకు మా దగ్గర ఎక్స్‌రే ఫిల్ముల్లో వచ్చేది. సీటు వెనక పట్టీ ఎటునుంచి ఎటు వెళ్తుందో ఆయన తన ఒంటి మీద చేతులు వేసి చూపించేవాడు. "ఇక్కడ నొక్కుకుపోయేది. దిగాక రెండు భుజాల మీదా వాతలు" అనేవాడు.

తప్పులు పట్టడంలో ఆయన తరవాతే ఎవరైనా. రెక్క, ఒళ్లు కలిసే చోట సన్నటి సందు కనిపిస్తే ఒప్పుకునేవాడు కాదు. ఆమె పుట్టీ నింపి, ఆరాక అరగదీసి, మళ్లీ చూపించేది. ఆయన గోటితో రాసి చూసి, "ఇంకా తగులుతోంది" అనేవాడు. ఆమె మళ్లీ అరగదీసేది. అరగదీసినప్పుడు విమానం ఒంటి మీద రేకుల అతుకుల్లా కనిపించే గీతలు చెరిగిపోతే, పళ్ల మైనం చెక్కే పనిముట్టుతో తిరిగి గీసేది. ల్యాబులో ఇదంతా నాకు చెబుతుంటే, "ఇంటికెళ్లి కూడా అరగదీయడమేనా, నీకు విసుగు రాదా అక్కా?" అన్నాను.

"ఆయన నాతో మాట్లాడుతున్నాడే" అంది.

నిజమే. పెళ్లయి అన్నేళ్లకు ఆయన ఆమెను అమ్మాయ్ అని పిలవడం మొదలుపెట్టాడు. మొదటిసారి ఒంటరిగా ఎగిరినప్పుడు భయంతో పాటలు పాడుకున్నానని చెప్పాడు. భార్య కాన్పు కష్టమైన రోజు తను ఆకాశంలో ఉన్నానని చెప్పాడు. ఆ మాట బావగారికి కూడా ఎప్పుడూ చెప్పలేదట. బావగారు ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో కాసేపు నిలబడి, వాళ్లిద్దరినీ చూసి, టీవీ ముందుకు వెళ్లిపోయేవాడు.

రంగుల దగ్గర పెద్ద యుద్ధమే జరిగింది. పైన ఆకుపచ్చ, బూడిదరంగు పట్టెలు. కింద లేత నీలం కలిసిన బూడిద. ఫొటోలన్నీ నలుపు తెలుపువే కాబట్టి, ఆ ఆకుపచ్చ ఎలాంటిదో ఆయన జ్ఞాపకంలో తప్ప ఎక్కడా లేదు. పెట్టెలో రాసిన రంగు ఆయనకు నచ్చలేదు. "కొత్త డబ్బాలోది కాదమ్మాయ్. ఎండలో నిలబడీ నిలబడీ వెలిసిపోయిన పచ్చ" అన్నాడు. పంటి రంగు కలిపినట్టే ఆమె తెల్ల పలక మీద చుక్క చుక్కగా కలిపి, పొద్దుటి వెలుతురులో చూపించేది. ఎక్కువైంది అనేవాడు. తక్కువైంది అనేవాడు. ఒకరోజు చూసి ఏమీ అనలేదు. ఆమె ఆ పలకను పక్కన పెట్టి, అదే రంగు కలిపింది.

ఇంట్లో రంగు కొట్టే మెషిన్ లేదు. మా యజమానిని అడిగితే, ల్యాబు మూసి ఉన్న రోజున అక్కడి కంప్రెసర్ వాడుకోమన్నాడు. నేనూ వెళ్లాను. గాజుమూతకు, చక్రాల గూళ్లకు టేపు అంటించి, సన్నటి స్ప్రేతో పొర మీద పొర వేసింది. ఊపిరి బిగబట్టి వేసేది. ఇంజిన్ వెనక గొట్టం దగ్గర మాత్రం కుంచె తీసింది. పింగాణీ పళ్లకు అంచుల్లో ఛాయ తెస్తామే, అలా పలచగా నీలం, దాని మీద గోధుమ, దాని మీద ఇంకేదో. కాసేపటికి ప్లాస్టిక్ గొట్టం కాలి కమిలిన ఇనుములా అయింది. నేను వేలు పెట్టబోతే నా చెయ్యి మీద కొట్టింది.

తోక మీద వేసే నంబరు చివరి పని. నీళ్లలో నానబెట్టి జరిపి అంటించే సన్నటి స్టిక్కరు. దాన్ని తనే అంటిస్తానన్నాడు కమాండరుగారు. చెయ్యి నిలవలేదు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుని, మోచేయి బల్ల మీద ఆనించి, ఆయన వేలితోనే నంబరు జరిపించింది. వంకర లేకుండా కూర్చుంది. "ఊఁ. చాలు" అన్నాడు ఆయన. చెయ్యి మాత్రం వెంటనే వెనక్కి తీసుకోలేదట.

హాలు ప్రారంభానికి ముగ్గురూ వెళ్లారు. ఆమె కొత్త బట్టలు కట్టుకుంది. విమానాన్ని కారులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లింది, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంటూ. అక్కడ ముసలి పైలట్లు, వాళ్ల కొడుకులు, కోడళ్లు, కుర్ర ఆఫీసర్లు. విమానాన్ని గాజుపెట్టెలో పెట్టగానే అందరూ చుట్టూ మూగారు. ఒక ముసలాయన వంగి చూసి, "ఇది బొమ్మ కాదురా, మన విమానాన్నే ఎవరో ఉతికి కుదించేశారు" అన్నాడు. ఎవరు చేశారని అడిగారు.

కమాండరుగారు కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. "మావాడే. నెలల తరబడి కూర్చున్నాడు" అన్నాడు.

పెట్టె కింద ఇత్తడి పలక మీద బావగారి పేరు అప్పటికే చెక్కించి ఉంది. అంటే ఆ మాట అప్పటికప్పుడు నోరు జారి వచ్చింది కాదు. కమాండరుగారు ఎప్పుడో ఫోన్ చేసి చెప్పాడన్నమాట. ఆమె రంగు కలుపుతున్న రోజుల్లోనే అయి ఉంటుంది. అందరూ బావగారి చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన ఒక్కసారి భార్య వైపు చూసి, చూపు తిప్పుకుని, నవ్వాడు. ఒకావిడ పళ్లక్క దగ్గరకు వచ్చి, "మీ ఆయన గదంతా రంగులు చేసి పెడుతుంటే మీరెలా భరించారండీ?" అంది. "అలవాటైపోయిందండీ" అంది పళ్లక్క.

మర్నాడు ఆమె మామగారి గదికి వెళ్లి, "అలా ఎందుకు చెప్పారు?" అని అడిగింది.

ఆయన తెలియనట్టు నటించలేదు. "వాళ్లందరి కొడుకుల్నీ చూశావుగా. ఒకడు కల్నల్, ఒకడు సర్జన్. ఇన్నేళ్లూ వీణ్ణి పక్కన నిలబెట్టుకుని నోరు మూసుకున్నాను. ఒక్కరోజు చెప్పుకున్నాను. నీకేం తగ్గింది?"

"చేసింది నేను."

"నీకు నీ పనుంది. వాడికేముంది?"

"నేను చేసే పళ్ల మీద కూడా నా పేరుండదు మామయ్యా."

"అదే చెప్తున్నా" అన్నాడు ఆయన. "నీకది అలవాటే కదా."

బావగారిని అడిగితే, "నేనేం చెప్పలేదు, ఆయనే చెప్పారు" అన్నాడు.

"కాదనొచ్చుగా."

"అంతమంది ముందు ఆయన్ని అబద్ధాలకోరును చెయ్యమంటావా?" మళ్లీ తనే, "నా భుజం మీద చెయ్యి వేశారు. చూశావా? నాకు బుద్ధి తెలిశాక ఎప్పుడూ వెయ్యలేదు" అన్నాడు. ఆ మాట పళ్లక్క ల్యాబులో నాకు చెప్పింది. ఆ రోజు పళ్ల సెట్టు ఒకటి చేతిలో విరిగింది. ఆమె చేతిలో అలా విరగడం నేను చూడటం అదే మొదలు.

అక్కడితో ఆగి ఉంటే ఆమె మింగేసేదేమో. బావగారికి ఆ అబద్ధం రుచి తగిలింది. ఆఫీసులో చెప్పుకున్నాడు. చుట్టాలకు చెప్పుకున్నాడు. మొదట్లో, "ఏదో చేశాంలే" అనేవాడు, పోనుపోను వివరాలు చేరాయి. గాజుమూత మీద వేలిముద్ర పడితే గుడ్డ చుట్టుకుని తనే రుద్దానని, వేడి తగిలితే వంకరపోతుందని, ఆమె మాటలే ఆమె ఎదురుగా చెప్పేవాడు. "అందులో వేలిముద్ర మాత్రం ఆయనదే" అంది పళ్లక్క నాతో.

"నిజం చెప్పెయ్యరాదా అక్కా?" అన్నాను.

"ఎవరికి చెప్పను? అడిగిందెవరు?"

కొన్నాళ్లకు బేస్ నుంచి ఇంకో పెట్టె వచ్చింది. అదే స్క్వాడ్రన్ వాడిన ఇంకో రకం విమానం. కమాండరుగారి అబ్బాయిగారే చేసిపెట్టాలని కోరారు. బావగారు ఒప్పేసుకున్నాడు. ఇంటికి వచ్చి, "నీకు సరదా కదా అని సరేనన్నాను" అన్నాడు.

"పేరు మీది. మీరే చెయ్యండి" అంది ఆమె.

అరవలేదు, ఏడవలేదు. ఆ సాయంత్రమే కూతురు గదిలో బల్ల తీసేసి, మంచం మళ్లీ కిటికీ కిందికి జరిపింది. కమాండరుగారు కుర్చీతో సహా హాల్లోకి వెళ్లిపోయాడు. "మీ ఆవిడకి పొగరు తలకెక్కింది" అన్నాడు కొడుకుతో, ఆమె అక్కడే ఉండగా. అమ్మాయ్ అన్న పిలుపు ఆ రోజుతో పోయింది. బావగారు తనే మొదలుపెట్టాడు. ఈసారి పట్టుదలగానే కూర్చున్నాడు, పాపం. రెక్కలు ఒకటి కిందికి, ఒకటి పైకి అతుక్కున్నాయి. బేస్ వాళ్లు ఫోన్ చేస్తే పని నడుస్తోందనేవాడు.

చివరికి వాళ్లే వచ్చారు. ఒక కుర్ర ఆఫీసరు, కెమెరాతో ఇంకొకతను. బేస్ పత్రికలో బావగారి గురించి వేద్దామని, పని చేసే చోటు ఫొటో తీసుకుందామని. చెప్పకుండా వచ్చారు. భోజనాల బల్ల మీద సగం చేసిన విమానం, చుట్టూ జిగురు మరకల కాగితాలు. పళ్లక్క ట్రేలో మంచినీళ్లు తెచ్చింది.

ఆఫీసరుకు ఆ విద్యంటే నిజంగా ఇష్టం. "ఇంజిన్ వెనక ఆ కాలిన రంగు ఎలా తెచ్చారు సార్? మావాళ్లు అసలు లోహమే అనుకున్నారు" అని అడిగాడు.

"రంగే. కొంచెం కొంచెంగా వేశాను" అన్నాడు బావగారు.

"ఎయిర్‌బ్రష్షా సార్?"

"అవును. అంటే, కుంచె."

ఆఫీసరు బల్ల మీది విమానాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. రెక్క దగ్గర సందులోంచి అవతలి వెలుతురు కనిపిస్తోంది. అతను దాన్ని ఎక్కడినుంచి తీశాడో సరిగ్గా అక్కడే పెట్టాడు. కెమెరా అతను కెమెరా దించాడు. బావగారు భార్య వైపు చూశాడు, మెట్లు దిగుతూ తూలినవాడు పట్టుకోవడానికి ఏదైనా ఉందా అని చూసినట్టు. జవాబు ఆమె నాలుక చివరే ఉంది. ఏ నీలం, ఏ గోధుమ, ఎంత పలచగా, అన్నీ. ఆమె ట్రే పట్టుకుని నిలబడింది.

అప్పుడు కిటికీ పక్కనుంచి కమాండరుగారు మాట్లాడాడు. కొడుకు పరువు కాపాడాలనే అనుకుని ఉంటాడు.

"వాడి కళ్లు దెబ్బతిన్నాయి బాబూ. వాడి కళ్లు మొదటినుంచీ అంతే. అక్షరాలు కనిపించకే కదా విమానం ఎక్కలేకపోయాడు. ఇప్పుడు ఈ పనికీ పనికిరాకుండా పోయాడు."

బావగారు కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకోకుండా బల్ల మీద పెట్టేశాడు. తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. కళ్లద్దాలు లేకపోతే ఆయనకు గేటు గడియ కూడా కనపడదు, తడుముకుని తీశాడు. ఆఫీసరు, "తొందరేం లేదు సార్, నెమ్మదిగా చెయ్యమనండి" అని ఎవరితో అంటున్నాడో తెలియకుండా అని, నీళ్లు తాగి, వెళ్లిపోయాడు.

బావగారు చీకటి పడేలోగా తిరిగొచ్చాడు. "నువ్వు ఒక్కమాట సాయం చేసుంటే సరిపోయేది" అన్నాడు భార్యతో.

"ఏమని చెయ్యాలి?"

"ఇద్దరం కలిసి చేశామని. ఏదో ఒకటి."

"ఆ మాట ఆ రోజు హాల్లో మీరనుంటే, ఈ రోజు నేను ఇంకేమన్నా అనేదాన్ని."

ఆయన సగం చేసిన విమానాన్ని చెత్తబుట్టలో వేశాడు. తండ్రితో మాట్లాడటం మానేశాడు. ఒక ఇంట్లో ఉంటూ, ఒక బాత్‌రూం వాడుతూ, ఆ తండ్రీకొడుకులు మళ్లీ మాట్లాడుకోలేదు. భార్యతో మాట్లాడేవాడు గానీ, ఉప్పు, పప్పు, కరెంటు, అంతవరకే. భుజం మీద పడిన చెయ్యి ఎవరివల్ల పోయిందో తేల్చుకోలేక, ఆ తప్పు దగ్గరున్న మనిషి మీద పెట్టాడు.

కమాండరుగారికి వణుకు ముదిరింది. చొక్కా గుండీలు పెట్టుకోలేడు, చెంచా నోటిదాకా రాదు. అవన్నీ చూసింది పళ్లక్కే. కొడుకు మాట్లాడటం మానేశాడు కాబట్టి ఆయన మళ్లీ కోడలితో నేరుగా మాట్లాడక తప్పలేదు. ఒకరోజు ఆమె మందు పట్టిస్తుంటే, "ఆ పచ్చ నువ్వు కలిపిందే సరైంది" అన్నాడు. క్షమించమని అడగలేదు. రంగు గురించి చెప్పాడు, అంతే. ఆమె, "నోరు తెరవండి" అంది.

ఆ చలికాలంలో ఆయన పోయాడు. బేస్ నుంచి పూలగుత్తి తెచ్చిన పెద్దమనిషి బావగారి చేతులు పట్టుకుని, "మీరు చేసిన ఆ విమానం ఆయనకు ప్రాణం" అన్నాడు. బావగారు తల ఊపాడు. పళ్లక్క పక్కనే ఉంది. నేనూ ఉన్నాను.

తరవాత ఒకసారి మా ల్యాబు వాళ్లం ఒక పెళ్లికి ఎయిర్ బేస్ ఉన్న ఊరు వెళ్లాం. తిరుగు బస్సుకు చాలా టైముంది. "చూసొద్దామా?" అని నేనే అన్నాను. ఆమె వద్దంటుందనుకున్నాను, బయలుదేరింది.

హాల్లో మేమిద్దరం, ఒక కాపలాదారు తప్ప ఎవరూ లేరు. కిటికీ ఎండ సరిగ్గా ఆ గాజుపెట్టె మీద పడుతోంది. ఆకుపచ్చ ఇంకా వెలిసింది. తోక మీద నంబరు ఒక మూల లేచి పైకి చుట్టుకుంది. ఎవరో శుభ్రం చేస్తూ ముందు చక్రం విరగ్గొట్టి, ఉండలా జిగురు పెట్టి అతికించారు. ఆమె ముందుగా చూసింది ఇత్తడి పలకను కాదు, చక్రాన్ని. వంగి, అచ్చును చూసినట్టే చూసింది.

"లోపల ఎక్కడైనా నీ పేరు రాసుకోలేదా అక్కా?" అన్నాను.

"ఎందుకు రాస్తాను? నాదేగా అనుకున్నాను."

కాపలాదారును పిలిచి, "బాబూ, ఈ తలుపు కాస్త తీస్తావా? చక్రం వంకరగా ఉంది, సరిచేసి ఇస్తాను" అని అడిగింది.

"ముట్టుకోకూడదండీ. ఇది చేసినాయనే బాగుచెయ్యాలి. ఆఫీసువాళ్లు చాలాసార్లు ఫోన్ చేశారట, రాలేదు."

"ఆయన రాడు" అంది పళ్లక్క.

"మీకు తెలుసా ఆయన?"

"తెలుసు" అంది. అతను ఇంకా ఏదైనా చెబుతుందేమోనని ఆగాడు. ఆమె ఇంకోసారి చక్రం వైపు చూసి బయటికి నడిచింది.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. పెళ్లిలో ఇచ్చిన మిఠాయి పొట్లం ఒళ్లో అలాగే ఉంది. ఊరు దాటాక, "ఆ జిగురు ఆగదు. రేపో మాపో చక్రం ఊడుతుంది, విమానం ముక్కు మీద పడుతుంది" అంది.